ఫైరింజను ఛాయాచిత్రములు

సైరను కూతతో ఎఱ్ఱని ఫైరింజను వీధివెంట పోవుచుండగా వాకిటికి పరుగెత్తని బాలుడుండడు. పెద్దవారైన పిదప పెక్కుమంది ఆ వేడుకను మరతురు. మరువలేక, కెమెరా చేతబట్టి ఆ బండ్ల వెంట జీవితమంతయు తిరుగువారు కొందరు కలరు. అమెరికాలో ఇట్టివారిని ‘ఫైర్ బఫ్’లందురు. బోస్టన్ పాప్స్ వాద్యబృందమునకు సుమారు అర్ధశతాబ్దము నాయకత్వము వహించిన ఆర్థర్ ఫీడ్లర్ అగ్నిమాపక దళములపై మక్కువ గల ఈ కోవవాడే. పాత ఫైరింజన్ల సంరక్షణకై ఆ దేశమున 1958లో ఒక సంఘమే ఏర్పడినది.

ఆ బండ్లలో అంత వింత యేమున్నదని మీరడుగవచ్చును. అచట ఒక్కొక్క ఊరు తన అవసరమును బట్టి బండిని చెప్పి చేయించుకొనును. కావున ఒకదానివలె మరియొకటి ఉండుట అరుదు. సిన్సినాటి నగరమున తయారైన ఆరెన్స్ ఫాక్స్ బండి ముందుభాగమున తళతళలాడు లోహగోళ మొకటి కనిపించును. చూచువారు అలంకారమనుకొందురు. నిజమునకు అది గాలి నిండిన గది. పిస్టను పంపు నీటిని కుదుపులతో నెట్టును; గోళములోని గాలి ఆ కుదుపులను ఓర్చుకొని ధారను నిలుకడగా సాగించును.

రంగునకును కథ కలదు. 1970 ప్రాంతముల ననేక నగరములు ఎరుపు మాని నిమ్మపండు రంగు వేయించినవి. చీకటిలో మన కంటికి ఎరుపు నల్లగా తోచును, పసుపు కలసిన ఆకుపచ్చ స్పష్టముగా కనిపించును. డల్లాస్ నగరపు బండ్లపై జరిగి 1995లో వెలువడిన పరిశీలనయు నిమ్మరంగు బండ్లకు ప్రమాదములు తక్కువని తేల్చినది. అయినను పలు నగరములు అలవాటైన ఎరుపునకే మరలినవి. ఈ మార్పులన్నియు వరుసగా కూర్చిన ఛాయాచిత్రములలో కనులకు కట్టును.

చిత్రము తీయుటకు ఉదయపు ఎండగాని సాయంకాలపు ఎండగాని మేలు. సూర్యుడు మన వెనుక నుండవలెను. బండి ముందుభాగము, ఒక ప్రక్క రెండును కనిపించునట్లు మూలగా నిలువవలెను. నిచ్చెన వెనుక కరెంటు స్తంభము మొలచినట్లు పడకుండ చూచుకొనవలెను. రాత్రివేళ ఫ్లాషు వాడరాదు. బండిమీది మెరుపు పట్టీలు ఆ వెలుగును త్రిప్పికొట్టి తక్కినదంతయు చీకటి చేయును. బండి సంఖ్య, తయారుచేసినవారు, సంవత్సరము, స్థలము, తేదీ వ్రాసి ఉంచవలెను. వివరము లేని చిత్రము చిరునామా లేని ఉత్తరము.

అన్నిటికంటె ముందు అనుమతి. స్టేషను తలుపుల కెదురుగా నిలుచుట, మంటలకు పోవు బండికి అడ్డువచ్చుట మహాపరాధము. మన దేశమున ఏప్రిలు 14 నుండి 20 వరకు జరుగు అగ్నిమాపక వారోత్సవములు ఇందుకు అనువైన సమయము.

ఇది పిల్లలాటయని నవ్వువారును కలరు. 2001 సెప్టెంబరు 11 ఉదయమున న్యూయార్కులో ఒక కిటికీ నుండి ఒక యువకుడు చిత్రము తీసెను. బ్రూక్లిన్ వంతెనమీద 118వ సంఖ్య గల నిచ్చెన బండి పోవుచున్నది. ఎదుట జంట సౌధములు పొగలు గ్రక్కుచున్నవి. ఆ బండిలోని ఆరుగురిలో ఒక్కరును తిరిగి రాలేదు. ఆనాడు అసువులు బాసిన ఆ నగరపు అగ్నిమాపక సిబ్బంది 343 మంది.

బండి యెప్పటికైనను తుక్కు క్రింద పోవును. దానినెక్కి మంటల కెదురేగిన వారి జాడ ఆ చిన్న చిత్రమున నిలిచియుండును. శ్రోతలారా, మీ ఊరి ఫైరింజను సంఖ్య మీకు తెలియునా?