పెరట్లో అయిదు కోళ్ళు

(రేడియో మహిళా కార్యక్రమంలోని ప్రసంగ పాఠం)



కూరల ధర విన్నప్పుడల్లా "ఈ నాలుగు కాయలూ ఇంట్లోనే కాయించుకుంటే పోదూ, రెండు కోళ్ళను పెంచుకుంటే పోదూ" అని అనుకోని ఇల్లాలు మనలో ఉండదు. నేనూ అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా 2021లో మొదలుపెట్టాను కూడా. మాది హైదరాబాదు శివార్లలో రెండు వందల గజాల స్థలం. ఇల్లు పోగా వెనకాల ఓ నలభై గజాల పెరడు మిగిలింది. పల్లెటూళ్ళో పుట్టినదాన్ని గనుక ఇవన్నీ నాకు వచ్చనే ధీమా ఒకటి. తీరా దిగాక తెలిసిందేమిటంటే, చిన్నప్పుడు మా అమ్మ సాయంత్రం కోళ్ళను గంప కింద మూస్తుంటే చూశానే తప్ప, ఆ గంప ఒక్కనాడూ నా చేత్తో ఎత్తింది లేదు.

ముందు కూరల సంగతి చెబుతాను, అది సుళువు గనుక. మొదటిసారే పెద్ద పెద్ద ఆశలు పెట్టుకోకండి. తోటకూర, పాలకూర, మెంతికూర చల్లండి. నెల తిరక్కుండా తోటకూర చేతికొస్తుంది. పెరడు లేనివాళ్ళు పాత టబ్బులోనైనా చల్లుకోవచ్చు, అడుగున నీళ్ళు పోయే బెజ్జాలుంటే చాలు. పాదులు మాత్రం ఓర్పును పరీక్షిస్తాయి. నేను తొలకరికి ఆనపగింజ పెట్టాను. పందిరి నిండా అల్లుకుంది, మల్లెపందిరిలా తెల్లగా పూసింది. పిందెలు మాత్రం బొటనవేలంత అయ్యేసరికి పసుపెక్కి రాలిపోయేవి. ఎరువు చాలలేదనుకుని మరింత వేశాను. ఇంకా ఏపుగా పెరిగింది, ఒక్క కాయా లేదు!

మర్మం పువ్వులో ఉందండీ. పువ్వు కింద బుల్లి కాయలాగా ఉంటే అది ఆడపువ్వు. వట్టి సన్నటి కాడ ఉంటే మగపువ్వు. ఆనప పూసేది సాయంత్రం. పల్లెల్లోనైతే ఆ వేళకు రెక్కల పురుగులు వచ్చి పుప్పొడి చేరవేస్తాయి. మా కాలనీలో వీధిదీపాలు ఎక్కువ, పురుగులు తక్కువ. అందుకని దీపాలు పెట్టే వేళకు మగపువ్వును తుంచి, రేకులు వెనక్కి మడిచి, ఆడపువ్వు నడుమ మెల్లిగా రాయాలి. అంతే. ఆ ఏడు పదకొండు కాయలు దిగాయి. "పెళ్ళిళ్ళ పేరమ్మవైపోయావు" అని మావారు వేళాకోళం చేసేవారు గాని, ఆనపకాయ పులుసు మాత్రం మారు వడ్డించుకునేవారు.

అయితే లెక్క కూడా దాచకుండా చెప్పాలి. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరలూ పండ్లూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంటికి పదహారు వందల గ్రాములు. నా నలభై గజాల పెరడు ఏడాది పొడుగునా అంత ఇవ్వలేదు. ఆకుకూరలు కొనడం దాదాపు మానేశాను, వానాకాలంలో పాదుకాయలు మాకు పోను నలుగురికి పంచాను. ఉల్లిపాయ, బంగాళాదుంప, చింతపండు బజారువే. అన్నీ ఇంట్లోనే అనే మాట వినడానికి బాగుంటుంది గాని, మన పెరడు ఆ మాట వినదు.

ఇక కోళ్ళ దగ్గరికి వద్దాం. వీధుల్లో గంపలో పెట్టుకుని గులాబీ, ఆకుపచ్చ రంగులద్దిన కోడిపిల్లల్ని అమ్మడం మీరు చూసే ఉంటారు. మా చిన్నవాడు మారాం చేస్తే ఆరు కొన్నాను. పెద్దవై గుడ్లు పెడతాయని నా ఆశ. ఆ రంగుల పిల్లలు చాలామటుకు గుడ్ల కోళ్ళ జాతిలో పుట్టిన మగపిల్లలే, పెంచితే లాభం లేదని వదిలించుకునేవి. నాలుగు వారంలోపే పోయాయి. మిగిలిన రెండూ తెల్లవారుజామున నాలుగింటికి కూతలు మొదలుపెట్టి ఇరుగుపొరుగుతో నాకు మాట తెచ్చాయి. ఆ పుంజుల్ని ఏం చేయాలన్నది ఇంకో పెద్ద తగువు. మేం మాంసం తినేవాళ్ళమే. అయినా పేరు పెట్టి పిలిచిన పుంజును కోసుకు తినడానికి మా చిన్నవాడు ఒప్పుకోలేదు, నాకూ చేతులాడలేదు. ఊళ్ళో బంధువులకు ఇచ్చేశాం. వాళ్ళేం చేశారో మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. కోళ్ళు పెంచాలనుకునేవాళ్ళు ఈ సంగతి ముందే ఇంట్లో కూచుని తేల్చుకోవడం మంచిది.

2022 దసరా వెళ్ళాక బుద్ధిగా పది గ్రామప్రియ పెట్టపిల్లల్ని తెచ్చాను. ఇది మన రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని రూపొందించిన రకం. నాటుకోడి ఏడాదికి అరవై, డెబ్భై గుడ్లు పెడితే ఇది పెరట్లోనే 160 దాకా పెడుతుంది. మనిషికి ఏడాదికి 180 గుడ్లు ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నలుగురికి 720. అయిదు పెట్టలుంటే 800 వస్తాయి, సరిపోయినట్టే! కాని ఆ గుడ్లు ఊరికే రావు. పెట్టకు రోజుకు నూరు గ్రాముల పైచిలుకు మేత కావాలి. అన్నం మెతుకులూ, కూర తొక్కులూ వేస్తే బతుకుతుంది గాని గుడ్డు పెట్టదు. నూకలు, తవుడు, చెక్క, గుడ్డు పెంకు గట్టిపడడానికి గుల్లల పొడి, ఇవన్నీ కొనాలి. మావారు కాగితం మీద లెక్క వేసి, మన గుడ్డు బజారు గుడ్డుకన్నా ఖరీదని తేల్చారు. నేను కాదనలేదు.

తల్లి లేని పిల్లలు గనుక మొదటి వారాల్లో వెచ్చదనం మనమే ఇవ్వాలి. అట్టపెట్టె మీద బల్బు వేలాడదీశాను. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపు కడితే చలి వేస్తున్నట్టు, అంచులకు పారిపోయి రొప్పుతుంటే వేడెక్కువైనట్టు. చెల్లాచెదురుగా తిరుగుతుంటే హాయిగా ఉన్నట్టు. వాటి ఎరువు విషయంలో మాత్రం తప్పు చేశాను. తాజా కోళ్ళ పెంటను తీసుకెళ్ళి టమాటా మొక్కల మొదట్లో పోశాను. వారంలో ఆకులు మాడిపోయాయి. దాన్ని ఆకూ అలమూ కలిపి కుప్ప వేసి కొన్ని నెలలు మాగనివ్వాలట.

ఇప్పుడు అసలు సంగతి. ఏడో రోజున కంట్లో చుక్కల మందు, ఎనిమిదో వారంలో సూది మందు వేయించాలని పశువైద్యశాలలో డాక్టరుగారు చెప్పారు. ఇది కొక్కెర తెగులుకు టీకా. చుక్కల మందు సీసా నూరు కోళ్ళకు సరిపడేది. కలిపిన మందు గంటా రెండు గంటల్లో వాడేయాలి, దాచడానికి లేదు. నా పది పిల్లలకు పది చుక్కలు వేసి, తొంభై కోళ్ళ మందు తూములో పోశాను. ప్రాణం ఉసూరుమంది. ఎనిమిదో వారం వచ్చేసరికి, "మన కోళ్ళు గోడ దాటవు కదా, మళ్ళీ ఒక సీసా తగలేయడం దేనికి" అనుకుని ఊరుకున్నాను. పొదుపు అనుకున్నాను!

2023 ఉగాదికి రెండు రోజుల ముందు మొదటి గుడ్డు పెట్టింది. ఇల్లంతా పండగే. పండగ వెళ్ళిన వారానికి ఒక పెట్ట మేత ముట్టలేదు. పచ్చగా పారుకుంది, నోరు తెరిచి ఊపిరి లాగింది, మెడ మెలి తిరిగిపోయింది. మర్నాటికి చచ్చిపోయింది. దాన్ని కాగితంలో చుట్టి వెనక ఖాళీ స్థలంలోకి విసిరేశాను. నాలుగు రోజుల్లో ఎనిమిది పోయాయి.

ఆ ఖాళీ స్థలంలోనే రోజూ కాళ్ళతో గీరుకుని మేసేవి మా వీధి చివర ఇస్త్రీ బండి అవ్వ కోళ్ళు. ఆమెకు ఏడుండేవి. గుడ్లు అమ్ముకున్న డబ్బుతో మందుబిళ్ళలు కొనుక్కునేది. ఆ వారంలోనే ఆరు పోయాయి. పొదగడానికి కూచుని, ఇంట్లో గంప కింద ఉండడం వల్ల ఒక్క పెట్ట మాత్రం మిగిలింది. రోగం ముందు ఎవరి కోళ్ళకు వచ్చిందో ఎవరు చెప్పగలరు అని మావారు నన్ను ఓదార్చారు. నాకు తెలుసు, ముందు పోయింది నాదే, దాన్ని అక్కడ పారేసిందీ నేనే. చచ్చిన కోడిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఒట్టి చేతుల్తో ముట్టుకోకూడదు కూడా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. ఏ రోగమో మనకేం తెలుస్తుంది? రెండు కోళ్ళు వరసగా చనిపోతే పశువైద్యశాలకు కబురు చేయాలి.

వెళ్ళి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. డబ్బు ఇవ్వబోయాను. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నావంక చూసింది. కోపం చేసినా బాగుండేది.

"పైసలు ఏం జేస్త బిడ్డా, పైసలు గుడ్లు పెడ్తయా? ఈపారి ఆ మందు తెచ్చినప్పుడు నా వాకిట్ల గూడ నిలబడు" అంది.

ఆ మిగిలిన పెట్ట ఇరవై ఒకటో రోజున తొమ్మిది పిల్లల్ని చేసింది. అంతకుముందు ఏడో రాత్రి సెల్‌ఫోను దీపం ముందు గుడ్డు పట్టుకుని, లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల పడినట్టని, ఏమీ కనిపించకపోతే తీసేయాలని అవ్వే నాకు చూపించింది. నా గ్రామప్రియ పెట్టలకు పొదిగే గుణం లేదు, వాటి గుడ్లు పొదిగించినా పిల్లలు తల్లంత బాగా పెట్టవట. పిల్లలు కావలసినప్పుడల్లా మళ్ళీ తెచ్చుకోవలసిందే. అందుకే ఇప్పుడు నా అయిదు పెట్టల్లో మూడు గ్రామప్రియలు, రెండు అవ్వ ఇచ్చిన నాటువి. గుడ్లు అయిదూ గ్రామప్రియలైతే వచ్చేటన్ని రావు. రానీయండి.

టీకా రోజున తెల్లారకముందే లేస్తాం. కోళ్ళు గూట్లోంచి బయటికి వచ్చాయంటే ఇక పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అన్నిటినీ ఒకచోటికి తెస్తే రోగం అంటుకునే ప్రమాదముంది గనుక, మందే ఇంటింటికీ తిరుగుతుంది. థర్మాస్‌లో ఐసుముక్కల మధ్య సీసా నా చేతిలో, సూది పశువైద్యశాల నుంచి వచ్చిన అబ్బాయి చేతిలో, కోళ్ళను ఒడుపుగా పట్టే పని అవ్వది. సీసా ఖర్చు కోడికింతని పంచుకుంటాం. అవ్వ వాటా నాది. దానికి ఆమె అడ్డు చెప్పలేదు.

మొన్నటిసారి మా వీధిలో నలభై ఏడు కోళ్ళకు వేశాం. మిగిలిన మందు పారబోయబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పక్క గల్లీల కోళ్ళు లేవా?" అంది. అప్పటికే తెల్లారిపోయింది, అక్కడి కోళ్ళన్నీ వీధిలో పడ్డాయి. ఈసారి ముందురోజే వెళ్ళి వాళ్ళకు చెప్పి రావాలి.