రాష్ట్రాలు రెండయ్యాయి, ఠాణా మనది కాలేదు
(విజయవాడలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో మా ప్రతినిధి చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న తరం మాది. మీకు బెజవాడలో ఏం పని అని కొందరు అడగవచ్చు. పని ఉంది. రెండు రాష్ట్రాలకూ ఒకే ప్రశ్న మిగిలిపోయింది. పోలీసు ఎవరికి జవాబు చెప్పాలి?

2009 అక్టోబరు 9న పోలీసు నియామకాల్లో హైదరాబాద్ ఫ్రీజోన్ అని సుప్రీంకోర్టు తీర్పు వస్తే తెలంగాణ భగ్గుమన్నది. మా నగరంలో పోలీసు కొలువులు మావి కావా అని అడిగాం. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌ను ఆపడానికి ఊరూరా ముందస్తు అరెస్టులు చేశారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి ఇక్కడ? 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ మీద ఉద్యోగులు చలో విజయవాడ అంటే అవే ముందస్తు అరెస్టులు, అవే గృహనిర్బంధాలు. అయినా బీఆర్‌టీఎస్ రోడ్డు జనంతో నిండిపోయింది. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. లాఠీకి ఆదేశం వచ్చే దారి మాత్రం మారలేదు.

ఆ దారి ఏది? కమిషనర్ డీజీపీకి, డీజీపీ ప్రభుత్వానికి. 64 డివిజన్ల విజయవాడ నగరపాలక సంస్థకు ఇందులో చోటే లేదు. వీధిదీపం వెలగకపోతే కార్పొరేటర్‌ను నిలదీస్తాం. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే నిలదీయడానికి కౌన్సిల్‌లో ఎవరికీ అధికారం లేదు. కోస్తా జిల్లాల పోలీసు వ్యవస్థకు పునాది 1859 నాటి చట్టం. సిపాయిల తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లదొరలు చేసిన చట్టంలో ప్రజలకు చోటెక్కడిది?

ఫైర్ సర్వీసు కథా అంతే. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు ఇవ్వదగినవని 18 అంశాలు చెప్పింది. అగ్నిమాపక సేవ అందులో ఒకటి. ముంబైలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌దే. ఇక్కడ రాష్ట్ర శాఖ చేతిలో ఉంది. 2020 ఆగస్టు 9న ఈ నగరంలో కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్ అంటుకుని 10 మంది చనిపోయారు. బిల్డింగ్ ప్లాను ఒకరు చూస్తారు, ఫైర్ ఎన్‌ఓసీ మరొకరు చూస్తారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగే ఎన్నికైన వేదిక ఏది? 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు ఇళ్లలో పేరుకున్న బురదను కడిగింది ఫైరింజన్లే. ఆ సిబ్బందికి దండం పెడతాం. వాళ్లకు ఎన్ని బండ్లు, ఎన్ని పడవలు కావాలో జనం ముందు తేలాలి.

కార్పొరేటర్లకు పోలీసును అప్పగిస్తే రౌడీరాజ్యమే అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1988 డిసెంబరు 26న దీక్షా శిబిరంలో ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను చంపడం, ఆ తర్వాత నగరం తగలబడటం ఈ ఊరు మరువలేదు. కానీ అప్పుడు కూడా పోలీసు నడిచింది పై నుంచే కదా! సిఫారసు లేఖలతో సీఐ పోస్టింగులు అడిగే పెత్తనం మనకు తెలియనిదా? చాటుగా సాగే పెత్తనం కన్నా నలుగురిలో అడిగే ప్రశ్న మేలు.

ఒక్కరి చేతికివ్వమనీ అనడం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు వ్యవహారాలకు 2012లో ప్రజలే కమిషనర్లను ఎన్నుకున్నారు. ఓటేసింది 15 శాతం. ఆ పదవులు రద్దు చేస్తామని 2025లో అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. అందుకే అడిగే హక్కు కౌన్సిల్ మొత్తానికి ఉండాలి.

మన డిమాండ్లు మూడు. మూడు నెలలకోసారి కమిషనర్ కౌన్సిల్ ముందుకొచ్చి ఫిర్యాదులకు, ముందస్తు అరెస్టులకు లెక్క చెప్పాలి. కేసుల దర్యాప్తులో మాత్రం ఎవరూ వేలు పెట్టకూడదు. 2006 ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా ఫిర్యాదుల అథారిటీలో ఎన్నికైనవారికి చోటివ్వాలి. ఫైర్ సర్వీసును నిధులతో, సిబ్బందితో సహా నగరానికి అప్పగించాలి.

1969లో అక్కడ, 1972లో ఇక్కడ పోలీసు తూటాలకు విద్యార్థులు నేలకొరిగారు. ఎవరి రాష్ట్రం వారికి వచ్చింది. అధికారం సచివాలయం గడప దాటి మన వీధిలోకి వచ్చేదాకా ఉద్యమం అయిపోలేదు.

జై తెలంగాణ! జై ఆంధ్ర!