విమానములకు పక్షులవలన గలుగు ముప్పు



పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమను సామెత మనమెల్ల రెరిగినదే. అల్పప్రాణిపై మహాబలమును ప్రయోగించుటను పరిహసించుచు పూర్వులా మాట పలికిరి. కాని ఆకాశమార్గమున నీ సామెత తలక్రిందగుచున్నది. అచ్చట పిట్టయే అస్త్రమై, వందలకొలది జనమును మోయు విమానమును నేలగూల్పగలదు. ఇది యెట్లు సంభవించునో, దీనితో గ్రామవాసులకేమి పనియో నేడు మనవి చేసెదను.

గ్రద్దను తూచినచో కిలో బరువైన నుండదు. అంతటి మెత్తని ప్రాణి లోహపు విమానము నేమి చేయగలదని తోచును. అయితే దెబ్బయొక్క బలము బరువునుబట్టియే గాక వేగమునుబట్టి కూడ నుండును. వేగము రెండింతలైనచో దెబ్బ నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. పెద్ద విమానము నేల విడచి లేచునపుడు గంటకు సుమారు 270 కిలోమీటర్ల వేగముతో పోవును. ఆ వేగమున 800 గ్రాముల గ్రద్ద తగిలినచో, 100 కిలోల ధాన్యపు బస్తా ఏడడుగులకు మించిన యెత్తునుండి పడినంత శక్తి వెలువడును. ఆ దెబ్బయంతయు జానెడు చోట, రెప్పపాటులో తగులును.

రెక్కకు తగిలినచో సొట్టపడును. ముందరి అద్దమునకు తగిలినచో విమానచోదకునికి గాయము కావచ్చును. అన్నిటికంటె అపాయకరమైన చోటు ఇంజను. జెట్ ఇంజను ముందు భాగమున పెద్ద విసనకఱ్ఱవంటి చక్రము నిమిషమునకు వేలకొలది మారులు తిరుగుచు గాలిని లోనికి లాగును. గాలితోపాటు పక్షియు లోనికి పోయెనా, చక్రపు రేకులు వంగును. విరిగిన రేకు తక్కిన వానిని గాయపరచును. గాలిధార చెదరి ఇంజను బలము తగ్గును, ఒక్కొక్కప్పుడు పూర్తిగా నాగును. నిర్మాతలు చచ్చిన పక్షులను గాలిఫిరంగితో ప్రయోగించి ఇంజనులను, అద్దములను పరీక్షింతురు. కావున ఒక్క పక్షి తగిలిన విమానము సాధారణముగా క్షేమముగనే దిగును. గుంపు తగిలి, ఒకటికి మించిన ఇంజనులు చెడినప్పుడు ప్రాణములమీదికి వచ్చును.

ఈ ముప్పు క్రొత్తది కాదు. 1905లోనే ఆర్విల్ రైట్ నడుపుచున్న విమానమునకు పక్షి తగిలినది. 1960 అక్టోబరు 4న అమెరికాలోని బోస్టన్ నగరమున, అప్పుడే లేచిన విమానము గోరువంకల కుటుంబమునకు జేరిన చిన్న పిట్టల గుంపులో జొచ్చెను. ఒక్కొక్క పిట్ట నూరు గ్రాములైన తూగదు. అయినను ఇంజనులు చెడి, విమానము నిమిషము లోపలనే సముద్రపుపాయలో గూలి 62 మంది మరణించిరి. 2009 జనవరి 15న న్యూయార్కులో లేచిన విమానమునకు పెద్ద అడవిబాతులు తగిలి, రెండు ఇంజనులును బలము గోల్పోయెను. చోదకుడు సల్లెన్‌బర్గర్ సుమారు మూడున్నర నిమిషములలో దానిని హడ్సన్ నదిపై దింపగా, అందలి 155 మందియు బ్రతికిరి.

ఈ రెండు ప్రమాదములును విమానము లేచిన కొలది కాలమునకే జరిగినవి. పక్షులెక్కువగా తిరుగునది నేలకు దగ్గరనే. అచ్చటనే చోదకునికి ఆలోచించు వ్యవధి తక్కువ. కావున విమానాశ్రయపు పరిసరములలో పక్షులు గుమిగూడకుండ జూచుటయే ముఖ్యమైన రక్షణ.

పక్షి యూరక రాదు, ఆహారమునకై వచ్చును. పశువు చచ్చినచో ఊరి వెలుపల పారవేయుట మన పాత అలవాటు. పూర్వము రాబందులు కొలది సేపటిలో దానిని శుభ్రపరచెడివి. ఇప్పుడవి మిక్కిలి తగ్గిపోయినందున కళేబరము దినములకొలది పడియుండి, గ్రద్దలను, కాకులను పిలుచును. మాంసపు దుకాణముల వ్యర్థములును, చెత్తకుప్పలును అట్టివే. అందుచేతనే మన విమాన నియమావళిలోని 91వ నియమము, విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల పక్షుల నాకర్షించునట్లు జంతువులను వధించుటను, తోలు వలుచుటను, చెత్త పారవేయుటను నిషేధించినది.

పక్షులను చంపుడని నేను చెప్పుటలేదు. ఎలుకలను, పురుగులను తిని మన పైరులకు మేలుచేయు పక్షులనేకములు గలవు. విమానాశ్రయమునకు సమీపమున నున్న గ్రామముల పెద్దలు ఈ సంగతిని గ్రామసభలో ప్రస్తావించి, చచ్చిన పశువులను లోతుగా పూడ్చుటకొక చోటును, మాంసపు వ్యర్థములను మూసియుంచుటకొక యేర్పాటును నిర్ణయింపవలెనని నా ప్రార్థన. ఆ పని ఊరి ఆరోగ్యమునకును మేలు. మన తలలమీదుగా పోవువారి ప్రాణములకును రక్ష.