పిడుదు కుట్టిందని చెప్పండి



ఈరోజు పిడుదు గురించి మాట్లాడుకుందాం. కొన్ని ఊళ్ళలో గోమారి అంటారు. పశువుల చెవుల్లో, పొదుగు దగ్గర, కుక్కల మెడకింద పట్టుకుని రక్తం తాగుతుంది. మనం రోజూ చూసే పురుగే. అందుకే దాన్ని లెక్కచెయ్యం.

మేకల వెంట తిరిగే పిల్లలకీ, కుక్కపిల్లతో ఆడే పిల్లలకీ ఇది పడుతుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు. పిల్ల ఏడవదు. మనకి తెలియదు.

అన్ని పిడుదులూ జబ్బు తేవు. కొన్నిట్లో కంటికి కనపడని క్రిమి ఉంటుంది. అది ఒంట్లోకి పోతే వారం, పదిరోజులకి గట్టి జ్వరం వస్తుంది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు ఉంటాయి. ఒంటిమీద ఎర్రని మచ్చలు రావచ్చు. అరిచేతుల్లో, అరికాళ్ళలో కూడా మచ్చలుంటే అనుమానించాలి. కొందరికి కుట్టినచోట నల్లని పెచ్చు కడుతుంది, బీడీతో కాల్చినట్టు. ఈ జబ్బుని టిక్ టైఫస్ అంటారు. పొదల్లో ఉండే మరీ చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ దీనికి చుట్టమే. టైఫాయిడ్ మాత్రం వేరే జబ్బు. పేరొక్కటే దగ్గర.

మనమేం చేస్తాం? జ్వరం రాగానే ఊళ్ళో సూది వేయిస్తాం. తగ్గదు. మర్నాడు ఇంకో సూది. అప్పుచేసి సెలైన్ పెట్టిస్తాం. మామూలుగా వాడే చాలా మందులు ఈ క్రిమిమీద పనిచెయ్యవు. దీనికి పనిచేసే మందు డాక్సీసైక్లిన్. ఖరీదు కూడా తక్కువే. వేళకి మొదలుపెడితే చాలామందికి రెండుమూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. ప్రాణం మీదికి వస్తుంది. చవకమందు ఉండి కూడా పిల్ల పోతే ఎంత అన్యాయం!

మరి డాక్టరుకెలా తెలుస్తుంది? జ్వరం ఎన్నాళ్ళనుంచని అడుగుతారు. పిడుదు సంగతి అడగకపోవచ్చు. బయట అంతమంది కాచుకుని ఉంటారు కదా. మీరే చెప్పండి. "పదిరోజుల కింద మా పిల్ల తలలోంచి పిడుదు తీశాం సార్" అనండి. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో ముందే వెతకండి. పెచ్చు ఉంటే చూపించండి, సిగ్గుపడొద్దు. ఇప్పుడు మనకి రాయడం వచ్చుగా! పిడుదు తీసిన తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

రక్తపరీక్ష కాగితం రాకముందే డాక్టరు మందు మొదలుపెట్టవచ్చు. కంగారుపడకండి. రాసినన్ని రోజులూ వాడండి. దుకాణంలో మనంతట మనం కొనొద్దు. పిల్ల మగతగా పడున్నా, ఆయాసపడుతున్నా, ఫిట్స్ వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి తీసుకుపొండి.

పిడుదు కనిపిస్తే గోళ్ళతో నలపొద్దు. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. ముల్లు తీసే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెల్లగా తిన్నగా లాగండి. సబ్బుతో కడగండి.

పశువులకి, కుక్కకి పట్టిన పిడుదులకి మందేమిటో పశువుల ఆసుపత్రిలో అడగండి. ఆ మందు పిల్లల తలకి మాత్రం రాయొద్దు.