బండినెక్కిన బండి

ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట మన సామెతలో నున్నదే. బండి బండిమీది కెక్కుట మాత్రము ఇటీవలి ముచ్చట. 2005లో టాటా ఏస్ వంటి చిన్న వ్యానులు వచ్చినది మొదలు, బదిలీయైన ఉద్యోగి గాని, చెడిన బండిని పట్టణమునకు చేర్చదలచిన రైతు గాని మోటారు సైకిలును వానిలో పంపుట పరిపాటి యైనది.

అట్టి వ్యానులలో తరచుగా కనబడు దృశ్య మొకటి కలదు. తొట్టి నడుమ మోటారు సైకిలు ప్రక్క స్టాండుమీద ఒరిగియుండును. దానిపై ఒక కుర్రవాడు కూర్చుండి, హ్యాండిలును రెండు చేతులతో పట్టుకొని యుండును. ‘గట్టిగా పట్టుకోరా అబ్బాయ్!’ అని కేకవేసి డ్రైవరు బయలుదేరును. ఆ కుర్రవాడే త్రాడు, ఆ కుర్రవాడే మేకు. మేమీ ప్రసంగమునకు పూనుకొన్నది వానిని అచ్చటినుండి దింపుటకే.

లెక్క చూతము. బుల్లెట్ 350 బరువు ఇంచుమించు 195 కిలోలు. వ్యాను వేగముగా పోవుచుండగా గేదె అడ్డము వచ్చి, డ్రైవరు బ్రేకును బలముగా త్రొక్కె ననుకొందము. వ్యాను ఆగును గాని తొట్టిలోని బండి వెనుకటి వేగముతోనే ముందునకు పోజూచును. దానిని నిలుపుటకు దాని బరువులో ముప్పాతిక వంతు, అనగా సుమారు 145 కిలోల పట్టు కావలెను. తన దేహమునే నిలుపుకొనలేని కుర్రవా డింత బలము నెక్కడ తెచ్చును? సరకు కట్లు ముందువైపునకు సరకు పూర్తి బరువును, ప్రక్కలకును వెనుకకును సగము బరువును ఆపగలిగి యుండవలెనని బ్రిటన్ రవాణా శాఖవారి సూత్రము. పైగా, సరకుల బండిలో ఊరక ఎక్కినవానికి పరిహార మిచ్చు బాధ్యత బీమా కంపెనీది కాదని మన సుప్రీం కోర్టు 2004లో తీర్పు చెప్పియున్నది.

మరి కట్టుట యెట్లు? మొట్టమొదట స్టాండును పైకెత్తివేయవలెను. ఇది వినగానే పలువురు విస్తుపోదురు గాని, స్టాండుమీద నుంచి బిగించినచో లాగిన బలమంతయు ఆ ఒంటికాలిపై పడి అది వంగును. బండి తన రెండు చక్రములమీద నిటారుగా నిలువవలెను. ముందు చక్రము క్యాబిను వైపు పలకకు ఆనవలెను. తొట్టి పొడవు చాలనిచో మూలకు నిలుపవచ్చును.

హ్యాండిలు చివరలకు కట్టరాదు. అది మెలి తిరుగును. ముందు ఫోర్కులు రెండును కలియు క్రింది బిగింపు వద్ద పట్టీలు వేసి, ఇరుప్రక్కలకు, క్రిందికి, ముందునకు లాగి, ఫోర్కు స్ప్రింగులు సగము వరకు అణగునట్లు బిగింపవలెను. పూర్తిగా అణచినచో ఆయిలు సీళ్ళు చెడును. అసలే అణచనిచో గుంతలో పడినప్పుడు స్ప్రింగు క్రుంగి, పట్టీ వదులై, కొక్కెము జారును. వెనుక చట్రమునకు మరి రెండు పట్టీలు వేయవలెను. నైలాను త్రాడు సాగును, కొబ్బరి త్రాడు సడలును; లారీవారు వాడు రాట్చెట్ బెల్టులే మేలు. బయలుదేరిన పది కిలోమీటర్లకు ఒకమారు ఆగి తడవి చూడవలెను. క్యాబినులో కూర్చున్న కుర్రవాని కీ పని అప్పగింపవచ్చును.

ఎక్కించుటకు మన పల్లెవారి ఉపాయమును మించినది లేదు: వ్యానును గట్టుకు వెనుకగా ఆనించినచో తొట్టియు నేలయు సమమగును. గట్టు దొరకనిచో పొడవైన పలక కావలెను. మూడడుగుల ఎత్తుకు ఆరడుగుల పలకపై బండి బరువులో సగము నెట్టవలసి వచ్చును. తొమ్మిదడుగుల పలకపై మూడవ వంతే. పలక పైకొనను వ్యానుకు కట్టవలెను. ఇంజిను నడుపుచు ఎక్కించు సాహసము కూడదు. చక్రము పలకను వెనుకకు తన్నివేయును. ఒకరు ప్రక్కను నడచుచు ముందు బ్రేకు పట్టుకొనగా, ఇరువురు నెట్టవలెను. సరిగా వెనుక ఎవరును నిలువరాదు. పెట్రోలు కుళాయి యున్న బండికి దానిని మూయవలెను.

దింపునప్పుడు వెనుక కట్లు ముందుగా విప్పి, ఒకరు హ్యాండిలును, బ్రేకును పట్టుకొన్న తరువాతనే ముందు కట్లు విప్పవలెను.