కట్టు మార్చేటప్పటి నొప్పి
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన జక్రాన్‌పల్లి దిక్కు పసుపు ఉడకబెట్టే రోజులలో, దావతులలో దేగులు దించేటప్పుడు చేతులు కాలడం మీరెరిగినదే. మా తమ్ముని కొడుకు చేయి అట్లనే కాలింది. కాలిననాటి కంటె కట్టు మార్చిననాడే వాడు ఎక్కువ ఏడ్చినాడు. ఎండి అతుక్కున్న గుడ్డను ఒక్కసారిగా లాగినారు. “సబర్ చెయ్ బేటా” అన్నది నేనే. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తరువాత వచ్చిన నర్సమ్మ పద్ధతి వేరు. డాక్టరు చెప్పిన నొప్పి మాత్రను ముందే వేయించి, అది పనిచేసేదాకా ఆగింది. గుడ్డను సెలైన్‌తో తడిపి మెల్లగా విప్పింది. “చాచా, కథ చెప్పు” అన్నాడు వాడు. చెప్పినాను. ఏడుపు సగానికి తగ్గింది.

పెద్ద గాయాలకు మార్ఫిన్ వంటి మందు కావలసిందే, భయపడి వద్దనరాదు. కాని మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది, ఎక్కువ రోజులు వాడితే అలవాటు పడవచ్చు. అందుకే పారాసిటమాల్ వంటివి తోడిచ్చి, మనసు మళ్ళించి, దాని అవసరాన్ని తగ్గిస్తారు. అమెరికాలోని సియాటిల్‌లో హాఫ్‌మన్, ప్యాటర్సన్ అనే పండితులు కట్టు మార్చేటప్పుడు రోగుల కండ్లముందు మంచులోకాన్ని చూపించి నొప్పి తగ్గించినారు. ఆ యంత్రం మన దగ్గర లేకున్నా కథ ఉంది గదా!

కనుక కట్టు విప్పకముందే అడగండి: నొప్పి మందు ఎప్పుడు వేయాలి? గుడ్డ తడిపి తీస్తారా? పిల్లవాని పక్కన ఎవరుండాలి? అడగడం బేఅదబీ కాదు.