మడత సైకిలు: విద్యార్థులు కొనదగిన తీరు

(సంఘ యువజన సమావేశమున ఉపసంఘము పక్షమున చదువబడిన ప్రసంగ పాఠము)



బెంగుళూరు నగరమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఈ మధ్య తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. పిల్లవాడో పిల్లయో కాలేజీలో చేరును. ఇంటినుండి మెట్రో స్టేషను మూడు కిలోమీటర్ల దూరము. అవతల దిగిన పిమ్మట కాలేజీ మరి రెండు కిలోమీటర్లు. నడుమ రైలు ప్రయాణము సుఖముగనే సాగును గాని, ఈ రెండు కొసలే కష్టమును, ఖర్చును తెచ్చుచున్నవి. మడత సైకిలు కొనిపెట్టుడని పిల్లలు అడుగుదురు. మడచునట్టి సైకిలు గట్టిగా నుండునా, దానికి అంత ధనము పెట్టవచ్చునా యని తల్లిదండ్రులు సంశయింతురు. ఇరువురి మాటలోను న్యాయమున్నది. కావున ఈ విషయమున మేము విచారించి తెలిసికొన్న సంగతులను నేడు మీ ముందుంచుచున్నాము.

మొదట లెక్క చూతము. 2025 ఆగస్టు 1 నుండి బెంగుళూరున అమలునకు వచ్చిన రేటు ప్రకారము ఆటోకు మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరు ఒక్కింటికి 18 రూపాయలు. స్టేషనుకు 3 కిలోమీటర్లైనచో మీటరు ప్రకారము 54 రూపాయలగును. రాకపోకలకు 108, నెలకు 22 దినములు కాలేజీ నడచినచో 2,376 రూపాయలు. ఇది ఒక్క కొస ఖర్చు మాత్రమే. ఈ లెక్కన 15,000 రూపాయల సైకిలు ఏడు నెలలు నిండకముందే తన వెలను తాను తీర్చుకొనును.

అయితే ఈ లెక్క నిత్యము ఆటో ఎక్కువారికే వర్తించును. బస్సున పోవువారు బస్సు ఖర్చుతోనే పోల్చి చూచుకొనవలెను. ఆడపిల్లల సంగతి మరియు వేరు. 2023 జూన్ 11న ప్రారంభమైన శక్తి పథకము క్రింద కర్ణాటక వాసులైన స్త్రీలకు ప్రభుత్వపు సాధారణ బస్సులలో ప్రయాణము ఉచితము. వారికి సైకిలు మిగుల్చునది డబ్బు కాదు, బస్సుకై నిలిచియుండు కాలము. ఆ కాలము విలువ లేనిది కాదు. ఉదయపు ప్రయోగశాల తరగతి తప్పిపోయిన విద్యార్థినిని అడిగిన తెలియును. కాని మిగులునది ధనమో, కాలమో ముందుగా ఎరిగి కొనుట మేలు.

పిమ్మట అడుగవలసిన ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. మన దారిలో సైకిలును మడవవలసిన చోటు ఎక్కడ నున్నది? ఇంటినుండి స్టేషను దూరమై, అవతల కాలేజీ నడకదూరమున నున్నచో మడత సైకిలు అక్కరలేదు. మామూలు సైకిలును స్టేషనువద్ద నిలుపు స్థలమున గట్టి తాళముతో నుంచి పోవచ్చును. ఒకే వెలకు కొన్నప్పుడు మామూలు సైకిలులో సొమ్ము చక్రములకును, బ్రేకులకును పోవును. మడత సైకిలులో కొంత భాగము కీళ్ళకును, మీటలకును పోవును. మడత పనిలేనిచోట ఆ సొమ్ము వ్యర్థమే. రెండు కొసల యందును సైకిలు కావలసినవారికి, మేడమీది చిన్న గదిలో నుండి సైకిలును లోపలనే దాచుకొనవలసిన వారికి మాత్రమే మడత నిజముగా ఉపయోగపడును.

రైలులోనికి దానిని రానిత్తురా యనునది తరువాతి ప్రశ్న. బెంగుళూరు మెట్రో సంస్థ 2020 నవంబరులో మడత సైకిళ్ళను చివరి పెట్టెలో తీసికొనిపోవుటకు అనుమతించినది. బరువు 15 కిలోలకు, మడచిన కొలత 60, 45, 25 సెంటీమీటర్లకు మించరాదని నియమము చేసినది. ఇచ్చట విద్యార్థులు జాగ్రత్తగా వినవలసిన సంగతి కలదు. మిక్కిలి చిన్నదిగా మడతపడునని పేరొందిన ఆంగ్లదేశపు బ్రాంప్టన్ సైకిలు సైతము మడచిన పిమ్మట 64.5, 58.5, 27 సెంటీమీటర్లుండును. 20 అంగుళముల చక్రముల మడత సైకిళ్ళు సాధారణముగా అంతకంటె పెద్దవి. అనగా ఆ కాగితపు కొలతను అక్షరాల పట్టి చూచినచో అమ్మకమున నున్నవానిలో చాల సైకిళ్ళు నెగ్గవు. నియమములు మారుచుండును గూడ. కావున దుకాణమునకు పోవుటకు ముందే మీరు నిత్యము ఎక్కు స్టేషనుకును, దిగు స్టేషనుకును పోయి, సైకిలు పేరును, దాని తయారీదారు ప్రకటించిన మడత కొలతను చూపి అడుగుడు. సైకిలు కొన్న పిమ్మట ద్వారమువద్ద వాదించుటకంటె ఒక సాయంకాలము ఈ విచారణకు వెచ్చించుట నయము.

ఇక సైకిలు గుణమును పరీక్షించు విధము. మొదటిది బరువు. అల్యూమినియము ఫ్రేముగలవి పండ్రెండు, పదమూడు కిలోలకు దొరకును. ఉక్కువి పదునాలుగు, పదునారు కిలోల వరకు నుండును. కాగితముపై రెండు మూడు కిలోల భేదము చిన్నదిగా తోచును. పుస్తకముల సంచి భుజమున నుండగా స్టేషను మెట్లెక్కునపుడు అదియే పెద్దదగును. కావున దుకాణమున దానిని మీరే మడచి, ఒక చేత ఎత్తి, ఇరువది మెట్లు ఎక్కి చూడుడు. దుకాణపు మనిషి ఎత్తి చూపుట పరీక్ష కాదు. ఎత్తలేనిచో అది ఎంత చౌకయైనను మీది కాదు.

రెండవది చక్రము. చిన్న చక్రమైనచో ఊరక త్రొక్కుచుండవలెనని పెద్దలు సందేహింతురు. చక్రము చిన్నదైనను ముందరి గొలుసు చక్రము పెద్దదైనచో ఆ లోపము తీరును. 20 అంగుళముల చక్రము ఒక చుట్టు తిరిగిన రమారమి 150 సెంటీమీటర్లు సాగును. ముందర 46 పళ్ళు, వెనుక 16 పళ్ళు నున్నచో పెడలు ఒక చుట్టునకు సైకిలు 4.3 మీటర్లు పోవును. నిముషమునకు 60 చుట్లు తాపీగా త్రొక్కినను 3 కిలోమీటర్లు పండ్రెండు నిముషములలో గడచును. అవే పళ్ళతో 16 అంగుళముల మామూలు చక్రమునకు పదునాలుగు నిముషములు పట్టును. రెండు నిముషములకంటె మన వీధుల గుంటలే ముఖ్యము. చిన్న చక్రము గుంటలో లోతుగా దిగును. కనుక మన త్రోవలకు 20 అంగుళములదే మేలని మా అభిప్రాయము. అందులోను టైరు ప్రక్కన 406 అను అంకె యున్నదా యని చూడుడు. 20 అంగుళములని పిలువబడువానిలో 451 అను వేరొక కొలతయు కలదు. 406 కొలత టైరు, ట్యూబు మన పేటలలోని చిన్న షాపులలో గూడ సులభముగా దొరకును.

మూడవది, ప్రాణముతో ముడిపడినది, కీలు. ఫ్రేము నడుమ కీలును బిగించి, ముందు బ్రేకు పట్టి, సైకిలును ముందుకు వెనుకకు ఊపుడు. కీలు వద్ద టకటక కదలిక చేతికి తగిలినచో దానిని విడిచిపెట్టుడు. బిగింపు మీటకు తోడు, అది తనంతట తాను విడిపోకుండ రెండవ కొక్కెము తప్పక యుండవలెను. హ్యాండిలు కఱ్ఱ క్రింది కీలునకును ఇదే పరీక్ష. సీటు కఱ్ఱపై ఒక గీత గీయబడి యుండును. అది ఫ్రేము లోపల మునిగియుండునట్లు ఉంచి, మడమను పెడలుపై నుంచి కూర్చుండిన కాలు చక్కగా చాగవలెను. పొడుగరులకు ఈ గీత దాటనిదే కాలు చాగకున్నచో ఆ సైకిలు వారిది కాదు. గీత దాటి పైకెత్తిన కఱ్ఱ విరిగిన గాయము తప్పదు.

పాత సైకిలు కొనుట విద్యార్థులకు తగిన మార్గమే. బ్రాంప్టన్ వంటి లక్ష రూపాయలు మించు సైకిళ్ళవైపు మన పిల్లలు చూడనక్కరలేదు. పాత దానిలో చైను, టైరు, బ్రేకు రబ్బరులు అరిగియున్నను భయములేదు, స్వల్పవ్యయముతో మార్చుకొనవచ్చును. కాని కీలు చుట్టునున్న అతుకువద్ద రంగు వెండ్రుకవలె పగిలియున్నచో ఎంత తగ్గించి యిచ్చినను తీసికొనరాదు. ఆ పగులు రంగుది కాక లోహముదియే కావచ్చును.

దాచుకొన్న సొమ్మంతయు సైకిలుకే పోయరాదు. పదింట రెండు వంతులు తాళమునకు, ముందు వెనుక దీపములకు, శిరస్త్రాణమునకు, మడ్‌గార్డులకు విడిచియుంచుడు. మడచినపుడు గొలుసు పరుల బట్టలకు తగులకుండ ఒక గుడ్డ సంచియు కావలెను. ఇంట పాత దుప్పటితో కుట్టించుకొనవచ్చును. రద్దీ రైలులో తోటి ప్రయాణీకుని పంచెకు నూనె మరక చేసిన సైకిలుకు మరునాడు చోటు దొరకదు.

కొన్న పిమ్మట ఇంటి ముంగిట పదిసార్లు మడచి విప్పుట అభ్యసింపుడు. స్టేషనులో జనము నడుమ నేర్చుకొనరాదు.

దుకాణమున కన్నడమున బేరమాడి, ఇంట తెలుగున లెక్క వేసికొనుట మనకు తాతల నాటి అలవాటే. ఈ కొనుగోలులోను అటులే చేయుదము. తల్లిదండ్రులకు మా విన్నపము: పిల్ల అడిగిన వెంటనే వద్దనకుడు, పిల్లవాడు అడిగిన వెంటనే స్కూటరునకు అప్పు చేయకుడు. విద్యార్థులకు మా విన్నపము: దారి కొలిచి, స్టేషనులో అడిగి, మీ చేత ఎత్తి చూచి, కీలు ఊపి చూచి, అప్పుడు అడుగుడు. అట్లు అడిగినవారికి కాదనుట ఏ తండ్రికిని సులభము కాదు.